టెస్ట్ చేశావా? ఎక్కడ, తూము దగ్గరా, శివారులోనా?

మన వృత్తిలో అబద్ధాలకి కొదవ లేదు. "రేపటికల్లా అయిపోద్దండీ" అంటాం. అది అబద్ధం కాదు, ఆశ. "డాక్యుమెంటేషన్ తర్వాత రాస్తా" అంటాం. అదీ అబద్ధం కాదు, తీర్చే ఉద్దేశం లేని మొక్కు. నా లెక్కలో అసలు సిసలు అబద్ధం ఒక్కటే: "టెస్ట్ చేశానండీ, పని చేస్తోంది."

ఈ మాట నేనూ అన్నాను. అదీ లినక్స్ కెర్నెల్లో, ఒక వైఫై డ్రైవరులో, లాకింగ్ సవరణ మీద. అన్నందుకు మా బాబాయి కూతురి ముందు తల దించుకోవాల్సి వచ్చింది. అంచేత ఈ రోజు ఎవర్ని తిట్టినా, ముందు నన్ను నేను తిట్టుకున్నాకే అని గమనించగలరు. గురివింద గింజ సామెత నాకూ తెలుసు :)

మాది కృష్ణా జిల్లా ఘంటసాల. ఊరి పేరు చెప్పగానే ప్రతి టీములోనూ ఎవరో ఒకరు "పాటల ఘంటసాల గారి ఊరా?" అని అడుగుతారు. ఆయన ఇంటిపేరు ఘంటసాల, పుట్టింది మాత్రం గుడివాడ దగ్గర చౌటపల్లిలో. మా ఊళ్ళో ఉన్నవి ఒక బౌద్ధ స్తూపం, ఒక మ్యూజియం, ఒక కృషి విజ్ఞాన కేంద్రం, చుట్టూ వరి, వరి కోశాక మినుము. ఇవి కాక మా బాబాయి ఎరువుల కొట్టు. ఆ కొట్లో ఒక పాత డెస్క్‌టాపు, దానికి వెనకాల గుచ్చిన ఒక చవక యూఎస్‌బీ వైఫై డాంగిల్. కథంతా ఆ డాంగిల్ చుట్టూనే.

కొట్టు రోడ్డు మీద ఉంటుంది, రౌటరు వెనక ఇంట్లో ఉంటుంది. మధ్యలో రెండు గోడలు, ఒక రేకుల షెడ్డు. సిగ్నల్ ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఇంకో సంగతి. కరెంటు పోతే డెస్క్‌టాపు ఇన్వర్టరు మీద నడుస్తూనే ఉంటుంది, రౌటరు మాత్రం ఆరిపోతుంది. ఈ చిన్న ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు అప్పుడప్పుడూ ఆ సిస్టం బిగుసుకుపోయేది. మౌస్ కదలదు, కీబోర్డు లైటు వెలగదు, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం ఒక్కటే దారి. "మీ లినక్సూ వద్దు, మీ గోలా వద్దు, విండోసే ఎక్కించరా అబ్బాయ్" అన్నాడు బాబాయి. లినక్స్ పెట్టింది నేను. కెర్నెల్ మీద పని చేస్తానని ఊళ్ళో నలుగురికీ చెప్పుకున్నదీ నేనే. పౌరుషం రాదూ మరి? (డ్రైవరు పేరు చెప్పను. తప్పు దానిది ఎంత ఉందో నాదీ అంతే ఉంది కాబట్టి.)

అసలు రోగం తెలుసుకోవడానికి పెద్దగా కష్టపడలేదు. వైఫై తెగిపోయినప్పుడు నడిచే కోడ్, కనెక్షన్ వివరాలని కాపాడే లాకుని పట్టుకుని, ఒక టైమరుని ఆపమని అడిగేది. ఆపడం అంటే ఆ టైమరు తాలూకు ఫంక్షన్ ఇంకో సీపీయూ మీద నడుస్తూ ఉంటే అది పూర్తయ్యేదాకా కాచుకోవడం. తమాషా ఏంటంటే ఆ ఫంక్షన్‌కి కావలసింది కూడా అదే లాకు. లోపల గడియ పెట్టుకు కూర్చుని, బయటున్న మనిషి లోపలికొచ్చాకే గడియ తీస్తా అన్నట్టు. ఇద్దరూ కాచుకుంటూనే ఉంటారు, సిస్టం చచ్చిపోతుంది.

ఇదేమీ వింత తప్పు కాదు. 2022లో కెర్నెల్ స్టేజింగ్ విభాగంలో ఉన్న వైఫై డ్రైవర్లలో సరిగ్గా ఈ ఆకారంలో ఉన్న డెడ్‌లాకులకి వరసగా సవరణలు వచ్చాయి. అన్నిట్లో మందు ఒకటే: టైమరుని ఆపే ముందు లాకు వదిలెయ్యి, అవసరమైతే ఆగాక మళ్ళీ పట్టుకో.

చెప్పడానికి ఎంత సులువో చూడండి. కానీ లాకు వదిలిన ఆ సందులో ఇంకెవడైనా దూరి వివరాలు మార్చేస్తే? ఆ భయంతో నేనొక తెలివైన పని చేశాను. స్కాన్ లాకు అని ఇంకోటి ఉంది, దాన్ని ముందే పట్టుకుని ఆ సందు మూసేశాను. అంటే నా కోడ్ ముందు స్కాన్ లాకు పట్టుకుని, తర్వాత కనెక్షన్ లాకు పట్టుకుంటుంది. స్కాన్ పూర్తయినప్పుడు నడిచే పాత కోడ్ మాత్రం ముందు కనెక్షన్ లాకు, తర్వాత స్కాన్ లాకు. చూశారా? అయ్యవారిని చెయ్యబోతే కోతి అయింది.

రుబ్బురోలు ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఇద్దరు తోడికోడళ్ళు. ఒకావిడ వెళ్ళి రోలు ఆక్రమించింది, ఇంకొకావిడ పొత్రం చేతిలో పట్టుకుంది. ఆవిడ పొత్రం ఇస్తే గానీ ఈవిడ లేవదు, ఈవిడ లేస్తే గానీ ఆవిడ పొత్రం ఇవ్వదు. ఆ పూట ఇంట్లో ఎవరికీ అట్లు లేవు. దీనికి అత్తగారు పెట్టాల్సిన రూలు ఒక్కటే: ఎవరైనా సరే ముందు రోలు, తర్వాత పొత్రం. ఆ వరస తప్పకపోతే ఎవరో ఒకరి పిండి రుబ్బబడుతుంది, కాసేపటికి రెండోవారిదీ రుబ్బబడుతుంది. కెర్నెల్లో అయినా, జావాలో అయినా, డేటాబేసులో అయినా ఇదే సూత్రం.

ఇక నా "టెస్టింగ్" సంగతికొస్తే... హైదరాబాదు ఫ్లాటులో నా లాప్‌టాపుకి అలాంటి డాంగిలే తగిలించాను. లాక్‌డెప్ ఆన్ చేసిన కెర్నెల్ కట్టాను. (తెలియనివాళ్ళకి: లాక్‌డెప్ అనేది ఇంగో మోల్నార్ రాసిన సాధనం, 2006లో 2.6.18 కెర్నెల్‌తో వచ్చింది. లాకులు ఏ వరసలో పడుతున్నాయో రాసిపెట్టుకుంటుంది. ఒకసారి ముందు రోలు తర్వాత పొత్రం, ఇంకెప్పుడో ఒకసారి ముందు పొత్రం తర్వాత రోలు కనబడితే చాలు, సిస్టం బిగుసుకోకపోయినా "ఇది ఎప్పటికైనా కొంప ముంచుద్ది" అని లాగ్‌లో అరుస్తుంది. కొట్లాట జరక్కముందే చెప్పే పెద్దమనిషి అన్నమాట.) స్క్రిప్టు రాసి 3 గంటలపాటు కనెక్టు, డిస్కనెక్టు, కనెక్టు, డిస్కనెక్టు. లాగ్‌లో డ్రైవరు పేరు పెట్టి వెతికాను. ఒక్క హెచ్చరిక లేదు! ప్యాచ్ పంపాను. రివ్యూ చేసిన పెద్దాయన "లాక్‌డెప్ పెట్టి చూశావా?" అనడిగాడు. "పెట్టే చూశానండీ, శుభ్రంగా ఉంది" అన్నాను. ఆ కెర్నెలే తీసుకెళ్ళి (లాక్‌డెప్ లేకుండా కట్టి) బాబాయి డెస్క్‌టాపులో ఎక్కించాను. కాలర్ ఎగరేశాను కూడా.

పోయినేడాది జూలైలో చెల్లికి, అంటే బాబాయి కూతురికి, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్. వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఆఖరి రోజు. నాన్నా కూతురూ రెండు రోజులు కూర్చుని కాగితం మీద 60 ఆప్షన్లు వరసగా రాసుకున్నారు. సాయంత్రం కొట్లో సిస్టం ముందు కూర్చుని సగం పెట్టేసరికి గాలి, వాన, కరెంటు పోయింది. రౌటరు ఆరిపోయింది, డెస్క్‌టాపు బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేశారు. కరెంటు వచ్చింది, మళ్ళీ పోయింది, మళ్ళీ బిగుసుకుంది. ఆఖరికి పక్కింటి వాళ్ళ ఫోన్లో, ఆ బుల్లి తెర మీద వేలితో నొక్కుకుంటూ గడువు లోపల 45 పెట్టగలిగింది. మిగతా 15 కాగితం మీదే ఉండిపోయాయి.

సీటు వచ్చింది, కాదనను. కాకపోతే తను కోరుకున్న బ్రాంచి కాదు. ఆ 15లో ఏదన్నా ఉండుంటే వచ్చేదా? నాకు తెలీదు, ఎవరికీ తెలీదు. ఫోన్ చేసి "నువ్వే బాగు చేశానన్నావుగా అన్నయ్యా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. కోపంగా అనుంటే బాగుండేదనిపించింది.

శనివారం బస్సెక్కి ఊరెళ్ళి అదే సిస్టం మీద కూర్చున్నాను. నా లాప్‌టాపులో పాత లాగ్ పూర్తిగా, ఏ వడపోతా లేకుండా, మొదటి లైను నుంచి చదివాను. బూట్ అయిన పది సెకన్లలోపే, నా డ్రైవరు ఇంకా లోడ్ కాకముందే, డిస్ప్లే డ్రైవరుకి సంబంధించిన వేరే లాక్‌డెప్ హెచ్చరిక ఒకటి ఉంది. లాక్‌డెప్‌కి ఒక గుణం ఉంది: మొదటి తప్పు చూపించాక అది నోరు మూసుకుంటుంది. ఆ తర్వాత రీబూట్ చేసేదాకా ఇంకేదీ చూడదు, చెప్పదు. అంటే నేను 3 గంటలు టెస్ట్ చేసినంతసేపూ కాపలావాడు నిద్రపోతున్నాడు. నేనేమో దొంగలు రాలేదని రిపోర్టు రాశాను.

ఆ ప్యాచ్ ఎక్కడా కలవకముందే ఇది బయటపడటం ఒక్కటే నా అదృష్టం. వెనక్కి తీసుకున్నాను, కారణం ఉన్నదున్నట్టు రాశాను. పెద్దాయన తిట్టలేదు. "నేను కూడా పూర్తి లాగ్ అడిగి ఉండాల్సింది" అన్నాడు. ఆ ఒక్క వాక్యం నన్ను ఎన్ని తిట్లు తిట్టినా అంత గట్టిగా తగిలేది కాదు.

సరే, నా సొద అయిపోయింది. ఇప్పుడు మన సొద.

మన దగ్గర టెస్టింగ్ అంటే ఏంటి? కాంపస్ నుంచి వచ్చిన ఫ్రెషర్ని "నిన్ను టెస్టింగ్‌లో వేశారా?" అని అయ్యో పాపం అన్నట్టు అడుగుతాం. పెళ్ళిచూపుల్లో కూడా "డెవలప్‌మెంటా, టెస్టింగా?" అని అడిగే మావయ్యలు నాకు తెలుసు. స్క్రీన్‌షాట్ తీసి వర్డ్ డాక్యుమెంట్లో అతికిస్తే టెస్ట్ అయినట్టు. ఆకుపచ్చ టిక్కు పడితే దేవుడు ప్రత్యక్షమైనట్టు. ఆ టిక్కు దేనికి పడిందో, ఏది నడవకుండా పడిందో ఎవడూ అడగడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్న బాపతు.

మామూలు కోడ్‌కి ఈ పద్ధతి ఏదో రకంగా చెల్లుతుందేమో గానీ, లాకింగ్‌కి అసలు చెల్లదు. కూడిక ఫంక్షన్ టెస్ట్ చేస్తే 2, 3 ఇస్తే 5 రావాలి, ఇవాళ వస్తే రేపూ వస్తుంది. లాకింగ్ అలా కాదు. దానికి ఇన్‌పుట్ కేవలం డేటా కాదు, సమయం కూడా. రెండు సీపీయూలు సరిగ్గా ఆ మైక్రోసెకన్లలో ఎదురుపడాలి. నా ఫ్లాటులో రౌటరు బల్ల మీద, డాంగిల్ దాని పక్కన, సిగ్నల్ నిండుగా, కరెంటు పోదు. డిస్కనెక్టూ స్కానూ ఒకేసారి ఎదురుపడే సందర్భమే రాదు. ఘంటసాలలో రౌటరు చటుక్కున ఆరిపోతుంది. డ్రైవరు ఒక పక్క తెగిన కనెక్షన్ సర్దుకుంటూ ఇంకో పక్క వేరే నెట్‌వర్క్ కోసం స్కాన్ చేస్తుంది. రోజుకి నాలుగుసార్లు. నేను 3 గంటల్లో పట్టుకోలేనిది బాబాయి కొట్టు వారంలో పట్టుకుంది. ఇది దురదృష్టం కాదు. అది నా కన్నా మంచి లాబ్, అంతే.

ప్రపంచంలో ఇంతకన్నా ఘోరాలు జరిగాయి. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో 6 ప్రమాదాలు చేసింది, మనుషులు చచ్చిపోయారు. వాటిలో 1986లో టెక్సస్‌లో జరిగినవాటికి కారణం ఒక రేస్ కండిషన్. అనుభవమున్న ఆపరేటరు వేగంగా టైపు చేసి, చేసిన తప్పుని చకచకా దిద్దుకుంటేనే అది బయటపడేది. మెల్లగా టైపు చేసినవాళ్ళకి అంతా బాగానే ఉండేది. చివరికి దాన్ని పట్టుకున్నది కూడా ఆ ఆస్పత్రి ఫిజిసిస్టూ, ఆ ఆపరేటరే, అదే వేగంతో మళ్ళీ మళ్ళీ టైపు చేసి చూసి. వాడేవాళ్ళ చేతి వేగం కూడా ఒక టెస్ట్ కేసే అని మనలో ఎంతమంది రాసుకుంటాం?

మా డెల్టాలో లాకులంటే కాలవ లాకులు. 1855లో విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పొలాలకే కాదు, పడవలకీ దారులయ్యాయి. నీటిమట్టం మారే చోట లాకులు కట్టారు. మధ్యలో గది, రెండు వైపులా తలుపులు. ఒక వైపు తలుపు మూశాకే రెండో వైపు తియ్యాలి. పడవలు పోయాయి, ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది, లాకులన్న పేరు మాత్రం చాలాచోట్ల స్థలాల పేరుగా మిగిలింది. ఆ లాకుల దగ్గర వరస తప్పితే ఏమవుతుందో లెక్చరు ఇవ్వక్కర్లేదు, నీళ్ళే చెప్పేవి. మన లాకుల దగ్గర వరస తప్పితే కళ్ళకి ఏమీ కనబడదు. అదే ఇబ్బంది.

కాలవ గురించే ఇంకో మాట. పైన తూము దగ్గర లస్కరు షట్టరు ఎత్తుతాడు. "నీళ్ళు వదిలాం" అని పుస్తకంలో రాస్తారు. అబద్ధం కాదు, నిజంగానే వదిలారు. కానీ బోదె చివర శివారు రైతుని అడగండి. "నీళ్ళొచ్చాయా?" అంటే తన మడిలో కాలు పెట్టి చూసి చెప్తాడు, పుస్తకం చూసి కాదు. మధ్యలో ఎవరో అడ్డుకట్ట వేసుంటారు, ఎక్కడో పూడిక ఉంటుంది, ఎక్కడో గండి ఉంటుంది. మనం రాసే "టెస్టెడ్" అన్న మాట లస్కరు పుస్తకంలో రాత. వాడేవాడు శివారు రైతు. చవక డాంగిలూ, పాత డెస్క్‌టాపూ, ఊగిసలాడే సిగ్నలూ ఉన్నది శివారులోనే. ఖరీదైన లాప్‌టాపు, పక్కనే రౌటరు ఉన్న మనకి నీళ్ళు ఎప్పుడూ పుష్కలమే.

ఇక్కడ కొందరు స్నేహితులు ఎప్పుడూ చెప్పే సమాధానాలున్నాయి. వాటికి నా జవాబులు:

"టైం ఉండదు బాస్." నిజమే, ఉండదు. టైం లేకపోతే టెస్ట్ చెయ్యలేదని రాయి. కెర్నెల్లో "కంపైల్ మాత్రమే చేసి చూశాను" అని ప్యాచ్‌లో బాహాటంగా రాసేవాళ్ళు బోలెడంతమంది. మొదట్లో అది చూసి నవ్వుకునేవాణ్ణి, ఇదేం సిగ్గులేనితనం అని. ఇప్పుడు వాళ్ళకి దణ్ణం పెడతాను. ఆ ఒక్క వాక్యం చూసి హార్డ్‌వేర్ ఉన్న ఇంకొకడు టెస్ట్ చేస్తాడు. "టెస్టెడ్" అని అబద్ధం రాస్తే ఆ ఇంకొకడు కూడా చెయ్యడు. చెయ్యకపోవడం తప్పు కాదు. చేసేవాణ్ణి చెయ్యనివ్వకపోవడం తప్పు.

"నా దగ్గర రిప్రొడ్యూస్ అవ్వట్లేదు." అవ్వదు. అవ్వనప్పుడు అయ్యేలా చెయ్యాలి. రెండు లాకుల మధ్య సందులో కావాలని ఆలస్యం పెట్టు, కొన్ని మిల్లీసెకన్లు. మైక్రోసెకన్ల సందు వీధంత అవుతుంది. నేను తర్వాత అదే చేశాను. పాత కోడ్‌లో ఆలస్యం పెట్టగానే కొన్ని నిమిషాల్లో సిస్టం బిగుసుకుంది. ఇది మొదట్లోనే చెయ్యాల్సింది. పాత కోడ్ పగలడం నీ కళ్ళతో చూడకుండా కొత్త కోడ్ పగల్లేదని సంబరపడితే ఏం లాభం? జ్వరం ఉందో లేదో చూడకుండా మందేసి, జ్వరం లేదుగా అన్నట్టు.

"లాక్‌డెప్ పెడితే సిస్టం నెమ్మదిస్తుంది." అందుకే మామూలు డిస్ట్రో కెర్నెళ్ళలో అది ఆపేసి ఉంటుంది. కానీ ఫెడోరా లాంటివాళ్ళు డీబగ్ కెర్నెల్ వేరేగా కట్టి ఇస్తూనే ఉన్నారు. వాడకానికి వద్దు, టెస్ట్‌కి పెట్టు. పెట్టి ఊరుకోకు, టెస్ట్ అయిపోయాక ప్రాక్ కింద లాక్‌డెప్ స్టాట్స్ ఫైలు తెరిచి చివర డీబగ్ లాక్స్ అన్న చోట 1 ఉందో 0 ఉందో చూడు. 0 ఉంటే నీ టెస్ట్ చెల్లదు. ఈ ఒక్క అంకె చూసుంటే నా చెల్లి ఆ రాత్రి పక్కింటి ఫోను పట్టుకునేది కాదు.

ఒకటి బాగు చేశాకే రెండోది కనబడటం కూడా మామూలే. 2021లో ఆర్‌టీఎల్8723బీఎస్ అనే డ్రైవరుకి వచ్చిన సవరణల పేర్లు చూడండి: ఒక డెడ్‌లాక్ అవకాశం తీసేశాం, రెండో డెడ్‌లాక్ అవకాశం తీసేశాం, మూడో డెడ్‌లాక్ అవకాశం తీసేశాం. చవక టాబ్లెట్లలో, చిన్న లాప్‌టాపుల్లో ఉండే చిప్పు అది. ఆ మూడు ప్యాచులు రాసిన పద్ధతి నాకు ముచ్చటేసింది. మొదటిది తియ్యగానే అయిపోయిందని చంకలు గుద్దుకోలేదు. మళ్ళీ నడిపి చూశారు, మళ్ళీ అరిచింది, మళ్ళీ తీశారు. టెస్టింగ్ అంటే అదీ.

"హార్డ్‌వేర్ లేదు, ఎలా?" ఇదొక్కటి నిజమైన ఇబ్బందే. 2008 నుంచి కెర్నెల్లో మ్యాక్80211 హెచ్‌డబ్ల్యూసిమ్ అని ఒకటి ఉంది, రేడియో లేకుండానే వైఫై నడిపినట్టు నటిస్తుంది. పై పొర లాకింగ్ దాంతో బాగా పరీక్షించొచ్చు. కానీ నీ డ్రైవరు సొంత లాకుల్ని అది ముట్టుకోను కూడా ముట్టుకోదు. నడుస్తుండగా డాంగిల్ ఊడబీకితే ఏమవుతుందో చెప్పదు. కాబట్టి అది నడిపి "డ్రైవరు టెస్టెడ్" అనకు, "హెచ్‌డబ్ల్యూసిమ్‌తో చూశాను" అను. మాట కొలిచి వాడటానికి డబ్బులేం ఖర్చు కావు.

ఇంకో వాదన ఉంది, అది నాకు గౌరవమున్న వాదన. "టెస్టింగ్‌తో లాకింగ్ సరిగ్గా ఉందని ఎప్పటికీ రుజువు చెయ్యలేం, డిజైనే మార్చాలి" అని. ఒప్పుకుంటాను. లినక్స్ వైఫై వాళ్ళు అదే చేశారు. ఒకప్పుడు వైఫై సెట్టింగుల పనులన్నీ నెట్‌వర్కింగ్ మొత్తానికీ ఉన్న ఒకే పెద్ద లాకు మీద ఆధారపడేవి. 2021లో 5.12 కెర్నెల్‌లో ప్రతి వైఫై పరికరానికీ దాని సొంత మ్యూటెక్స్ ఇచ్చారు. 2023లో 6.7 కోసం మ్యాక్80211లో విడివిడిగా ఉన్న మ్యూటెక్సులు తీసేసి చాలావరకు ఆ ఒక్కదాని కిందకే తెచ్చారు. లాకులు తగ్గితే వరస తప్పే అవకాశమూ తగ్గుతుంది. ఒకే రోలు, పొత్రం దానికే గొలుసేసి కట్టారన్నమాట. నిజానికి నా డ్రైవరుకి కూడా సరైన వైద్యం అదే, స్కాన్ లాకుని మొత్తానికే తీసెయ్యడం. కానీ అంత పెద్ద మార్పు చేశాక అది బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? మళ్ళీ టెస్ట్ చెయ్యాలి. డిజైను టెస్టింగ్‌కి మారు కాదు, టెస్టింగ్ డిజైనుకి మారు కాదు. ఒకదాన్ని అడ్డం పెట్టుకుని ఇంకోటి ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ మన దగ్గర.

మా వైపు కరకట్టని ఏప్రిల్లో చూస్తే ఎంత గట్టిగా ఉంటుందో. పైన బళ్ళు వెళ్తాయి, మేకలు మేస్తాయి. ఎవడైనా ఏప్రిల్లో ఫొటో తీసి "కట్ట పటిష్ఠంగా ఉంది" అని రాస్తే ఊళ్ళో వాళ్ళు నవ్వుతారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు రాత్రంతా టార్చిలైట్లు పట్టుకుని, ఇసుక బస్తాలు పక్కన పెట్టుకుని కట్ట మీద నిలబడ్డవాళ్ళకి తెలుసు, కట్టని పరీక్షించడం అంటే ఏంటో. మనం మాత్రం ఏప్రిల్ ఫొటో పెట్టి అప్రైజల్ అడుగుతాం.

నేను ఎవర్నీ మహానుభావులు అయిపొమ్మనట్లేదు. నేనూ అవ్వలేదు. నేను మార్చుకున్నది చిన్నదే. "టెస్ట్ చేశాను" అన్న ముక్క ఒక్కటే రాయడం మానేశాను. దాని బదులు నాలుగు ముక్కలు రాస్తున్నాను: పాత కోడ్‌ని ఎలా పగలగొట్టాను, కొత్త కోడ్‌ని ఏయే దారుల్లో నడిపాను (కనెక్టు, డిస్కనెక్టు, స్కాన్, నిద్రపుచ్చి లేపడం, డాంగిల్ పీకెయ్యడం, మాడ్యూల్ తీసెయ్యడం), కాపలావాడు చివరిదాకా మెలకువగా ఉన్నాడా, ఏయే దారుల్లో అసలు నడపలేదు. నాలుగోది రాయడమే కష్టం. చెయ్యి రాదు. మన చదువు, మన ఆఫీసు, మన అప్రైజలు అన్నీ కలిసి మనకి నేర్పింది తెలియదని రాయకూడదనే కదా. ఆ నాలుగోది చూసి ఆఫీసులో ఒకసారి "ఇదేంటి, కస్టమర్ చూస్తే బాగోదు" అన్నారు. కస్టమర్ చూడాల్సిందే అదండీ బాబూ! మిగతా మూడూ మన గొప్పలు.

ఆ డ్రైవరుకి రెండో ప్యాచ్ తయారుగా ఉంది. ఇంకా పంపలేదు. ఈ మధ్య ప్రతి రెండో శనివారం ఘంటసాల వెళ్ళి, కొట్టు కట్టేశాక, రౌటరు ప్లగ్గు పీకుతూ పెడుతూ కూర్చుంటున్నాను. చెల్లి సెలవులకి వచ్చినప్పుడు ప్లగ్గు డ్యూటీ తనది. మొన్న మధ్యలో ఆపి "అన్నయ్యా, ఇన్నిసార్లు పీకినా ఏమీ అవ్వలేదుగా, ఇంక బాగైనట్టేగా?" అంది. "ఇన్నిసార్లు పీకితే ఏమీ అవ్వలేదని మాత్రమే తెలిసింది" అన్నాను. విసుక్కుంది గానీ ప్లగ్గు మళ్ళీ పీకింది.

బాబాయి మాత్రం వేరే పరిష్కారం కనిపెట్టాడు. "ఎందుకురా ఈ తంటా, 2 వేలు పెడితే రౌటర్ని కూడా ఇన్వర్టరు మీదకి మార్పించెయ్యొచ్చుగా" అన్నాడు. మంచి ఆలోచనే. కానీ బతిమాలుకున్నాను, నా టెస్టింగ్ అయ్యేదాకా ఆగమని. ఇంత మంచి లాబ్ నాకు మళ్ళీ దొరకదు :)